ప్రశాంతచంద్ర మహలనోబిస్

ఒక గృహస్థు తన సంసారమును చక్కగా నడుపుకొనవలెనన్నచో, ఇంటిలో తినువారెందరు, గాదెలో ధాన్యమెంత, చేతిలో రొక్కమెంత, తీర్చవలసిన అప్పెంత అను సంగతులను ముందుగా తెలిసికొనవలయును. ఇవి తెలియనివాడు ఎంత కష్టజీవి యైనను, ఎంత మంచివాడైనను, ఏదో యొకనాడు చిక్కులలో పడక తప్పదు. దేశమును ఒక పెద్ద సంసారమే. కోట్ల కొలది ప్రజలకు కూడు, గుడ్డ, నీడ కల్పించదలచిన ప్రభుత్వము, ఆ ప్రజలు ఎంత పండించుచున్నారో, ఎంత తినుచున్నారో, ఏ పనులు చేసి బ్రతుకుచున్నారో ఎరుగకున్నచో, చీకటిలో దారి వెదకికొన్నట్లే యగును.

భారతదేశము 1947లో స్వతంత్రమైన నాటికి మన పరిస్థితి ఇంచుమించుగా ఇట్లే యుండెను. జనసంఖ్యను పదేండ్లకొకసారి లెక్కించుచుండిరి. కాని సామాన్యుని ఇంటి ఖర్చులను గూర్చియు, బ్రతుకుతెరువును గూర్చియు దేశమంతటికి చెందిన నమ్మదగిన లెక్క లేకుండెను. ఈ కొరతను తీర్చుటకై జీవితమును ధారపోసిన శాస్త్రజ్ఞుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. స్వల్పవ్యయముతో సత్యమును తెలిసికొను పద్ధతులను ఆయన దేశమునకు నేర్పెను. లెక్కలను త్వరితముగా తేల్చుటకు డిజిటల్ కంప్యూటరును మొట్టమొదట ఈ దేశమునకు తెప్పించినదియు ఆయన నడపిన సంస్థయే.

ప్రశాంతచంద్రుడు 1893వ సంవత్సరము జూన్ 29వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. ఆయన తాత గురుచరణ మహలనోబిస్ తూర్పు బెంగాలులోని విక్రమపురము నుండి వచ్చి కలకత్తాలో స్థిరపడినవాడు. బ్రహ్మసమాజములో చేరి, ఒక వితంతువును వివాహమాడి, తాను నమ్మినదానిని ఆచరించి చూపిన ధీరుడు. తండ్రి ప్రబోధచంద్రుడు. మేనమామ నీలరతన్ సర్కార్ ఆ కాలమున పేరుపొందిన వైద్యుడు. ఇట్టి ఇంటిలో పెరుగుటచే, ఏ మాటనైనను పెద్దలు చెప్పిరని గాక, పరీక్షించి చూచి నమ్మవలెనను బుద్ధి ఆయనకు బాల్యమునందే అలవడెను.

తాతగారు నెలకొల్పిన బ్రహ్మ బాలుర పాఠశాలలో చదువు ముగించి, ఆయన ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను. అచ్చట జగదీశచంద్ర బోసు, ప్రఫుల్లచంద్ర రాయ్ వంటి మహామహులు ఉపాధ్యాయులుగా నుండిరి. 1912లో భౌతికశాస్త్రమున పట్టము పొంది, మరుసటి యేడు పై చదువులకై ఇంగ్లండు వెళ్ళెను. లండను విశ్వవిద్యాలయములో చేరుట ఆయన ఉద్దేశము. కాని ఒకనాడు కేంబ్రిడ్జిని చూడబోయి, అచ్చటి కింగ్స్ కళాశాలకు చెందిన ప్రార్థనామందిరపు అందమునకు ముగ్ధుడై చూచుచు, లండనుకు పోవు చివరి రైలును తప్పిపోయెను. ఆ రాత్రి అచ్చటనే యొక మిత్రుని యింట గడపవలసి వచ్చెను. ఆ మిత్రుని సలహా ననుసరించి మరునాడు ప్రయత్నింపగా కింగ్స్ కళాశాలలోనే ప్రవేశము దొరకెను.

కేంబ్రిడ్జిలో ఆయనకు గణితమేధావి శ్రీనివాస రామానుజముతో స్నేహము కలిగెను. ఒక శీతకాలమున రామానుజము చలికి బాధపడుచున్నాడని విని ప్రశాంతచంద్రుడు ఆయన గదికి వెళ్ళి చూచెను. అచ్చటి పడకలపై కంబళ్ళను పరుపు క్రిందికి మడచి పరచియుంచుదురు. వాటిని పైకి తీసి, నడుమ దూరి పడుకొనవలెనని రామానుజమునకు తెలియలేదు. ఆయన కంబళ్ళ మీదనే పడుకొని, పై కోటు కప్పుకొని వణకుచుండెను. ప్రశాంతచంద్రుడు కంబళ్ళను తీసి, పడకను ఎట్లు వాడుకొనవలయునో చూపెను.

1915లో చదువు ముగిసెను. కొంతకాలము స్వదేశములో గడపి, మరల వచ్చి కేంబ్రిడ్జిలోనే భౌతికశాస్త్ర పరిశోధన చేయవలెనని ఆయన నిశ్చయించుకొనెను. అప్పుడు మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండెను. ఓడ బయలుదేరుట ఆలస్యమగుటచే ఆయన కళాశాల గ్రంథాలయములో కాలము గడపుచుండగా, ఒక అధ్యాపకుడు బయోమెట్రికా అను పత్రిక సంపుటములను చూపెను. ప్రాణుల కొలతలను, వాటిలోని భేదములను గణితముతో పరిశీలించు పత్రిక అది. ప్రశాంతచంద్రుడు ఆ సంపుటములన్నిటిని కొని వెంట తెచ్చుకొని ఓడ మీదనే చదువ నారంభించెను. కలకత్తాలో దిగునప్పటికి ఆయన మనస్సులో ఒక క్రొత్త శాస్త్రము నాటుకొని యుండెను. అదియే గణాంకశాస్త్రము. మనుష్యుల కొలతలు, వానలు, పంటలు, పరీక్షల మార్కులు, దేనినైనను ఈ శాస్త్రముతో పరిశీలింపవచ్చునని ఆయన గ్రహించెను. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధింప నారంభించిన ఆయన, పరిశోధనకై తిరిగి ఇంగ్లండు వెళ్ళనేలేదు.

ఈ శాస్త్రము ప్రజలకు ఎట్లు ఉపకరించునో తెలుపు అవకాశము త్వరలోనే వచ్చెను. 1922లో ఉత్తర బెంగాలునందు పెద్ద వరదలు సంభవించెను. వరద నీటిని నిలువ చేయుటకై చాల ధనము వెచ్చించి పెద్ద మడుగులు కట్టవలయునని నిపుణుల సంఘము తలపెట్టెను. ప్రభుత్వము మహలనోబిస్ అభిప్రాయము కోరెను. ఆయన సుమారు 50 సంవత్సరముల వాన లెక్కలను, వరద లెక్కలను ఒకచోట చేర్చి పరిశీలించెను. ఆ మడుగుల వలన ప్రయోజనము లేదనియు, నిలిచిన నీరు వేగముగా బయటికి పోవు మార్గములను బాగుచేయుటయే అవసరమనియు తేల్చెను. కట్టిన పిదప నిష్ప్రయోజనమని తెలియుటకు బదులు, కట్టకముందే తెలిసెను.

1926లో ఒరిస్సాలోని బ్రాహ్మణీ నది పొంగి గట్టులు తెగెను. నది అడుగు పూడి పైకి లేచినదనియు, అందుచే గట్టులను మరికొన్ని అడుగులు ఎత్తు చేయవలయుననియు ఇంజనీర్లు అభిప్రాయపడిరి. మహలనోబిస్ ఇంచుమించు 60 ఏండ్ల లెక్కలను వెదకి తీసెను. నది అడుగు లేచినట్లు ఆ లెక్కలలో ఎచ్చటను కానరాలేదు. ఎగువ ప్రాంతములలో కురిసిన అధిక వర్షమే వరదకు కారణమని తేలెను. కావున గట్టులు పెంచుట గాక, ఎగువన ఆనకట్టలు కట్టి నీటిని నిలుపుట మేలని ఆయన సూచించెను. ఒరిస్సా నదులపై ఆనకట్టలను గూర్చిన ఆ ఆలోచన దాదాపు 30 ఏండ్లకు ఫలించెను. మహానదిపై హీరాకుడ్ ఆనకట్ట 1957లో ప్రారంభమయ్యెను.

ఈ పనులన్నియు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయనకిచ్చిన గదియందే జరుగుచుండెను. కొందరు యువకులు ఆయన చుట్టు చేరిరి. 1931 డిసెంబరు 17వ తేదీన జరిగిన యొక సభలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, అనగా భారత గణాంక సంస్థ, ఆవిర్భవించెను. మొదటి సంవత్సరము దాని ఖర్చు 250 రూపాయలకు మించలేదు. లెక్కలు చేయుటకు ఒక్క మనిషి మాత్రము కొద్ది గంటలు వచ్చి పోవుచుండెను. ఆ రోజులలో కంప్యూటర్ అను మాట యంత్రమునకు గాక, లెక్కలు చేయు మనిషికే పేరుగా నుండెను. రెండేండ్లకు ఆ సంస్థ నుండి సంఖ్య అను పరిశోధన పత్రిక వెలువడ నారంభించెను. భారతదేశపు పేరును ప్రపంచములోని గణాంక శాస్త్రజ్ఞులకు పరిచయము చేసిన పత్రిక అది. మనుష్య సమూహముల నడుమ గల పోలికలను, భేదములను ఏకకాలమున అనేక కొలతలతో లెక్కకట్టు ఒక సూత్రమును మహలనోబిస్ 1936లో ప్రకటించెను. మహలనోబిస్ దూరమను పేరుతో అది నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది.

ఆయనకు మిక్కిలి పేరు తెచ్చినది జనపనార పంట లెక్క. హుగ్లీ తీరమునందలి మిల్లులకు, లక్షలాది రైతులకు ఆ పంటయే ఆధారము. ఏటేట ఎన్ని ఎకరములలో వేసిరో, ఎంత పండునో ముందుగా తెలియకున్నచో ధరలు తారుమారై రైతు నష్టపోవును. పొలము పొలమునకు పోయి కొలుచుటకు వేలకొలది మనుష్యులు కావలెను. లెక్క తేలునప్పటికి పంట అమ్ముడుపోయి యుండును.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండలోని మెతుకులన్నిటిని పట్టి చూడ నక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన ఇండ్లలో ఆడువారందరు ఎరుగుదురు. అయితే అడుగున మాడియు, పైన పలుకుగాను ఉన్న కుండలో పై మెతుకును మాత్రము చూచినవారు మోసపోవుదురు. దేశమను కుండ అట్టిది. ఒకచోట కరవు, ఒకచోట కలిమి. కావున మచ్చు తీయుటలోనే నేర్పు గలదు. 1937 మొదలు మహలనోబిస్ బెంగాలులో ఈ నేర్పును ప్రయోగించెను. పటము మీద ప్రదేశమును చిన్న చిన్న గళ్ళుగా విభజించి, వాటిలో కొన్నిటిని చీట్లు తీసినట్లు, ఎవరి ఇష్టానిష్టములకును చోటులేకుండ, ఎన్నుకొనునట్లు ఏర్పాటు చేసెను. పరిశీలకులు ఆ గళ్ళలోని పొలములకు మాత్రమే పోయి చూచి వ్రాసికొనవలయును. పెద్ద పనికి పూనుకొనుటకు ముందు, చిన్న ప్రదేశములో పద్ధతిని పరీక్షించి, ఖర్చెంతయగునో, తప్పు లెచ్చట దొరలునో కనిపెట్టుటయు ఆయన నియమముగా పెట్టుకొనెను. 1941 నాటికి ఈ పరిశీలన బెంగాలు రాష్ట్రమంతటికి వ్యాపించెను. పొలము పొలమును కొలుచుటకు అగు ఖర్చులో సుమారు పదవ వంతుతోనే పని ముగిసెను. వర్తకుల లెక్కలతో సరిచూడగా, మొత్తము కొలత కంటె ఈ మచ్చు లెక్కయే సత్యమునకు దగ్గరగా నున్నట్లు తేలెను.

మనుష్యులు తప్పు చేయుదురని ఆయన ఎరుగును. ఎండలో తిరుగలేక చెట్టు క్రింద కూర్చుండి అంకెలు వ్రాసికొనువారును ఉందురు. అందులకై ఒకే ప్రదేశమును రెండు బృందములు వేరువేరుగా, ఒకరి లెక్క ఒకరికి తెలియకుండ, పరిశీలించునట్లు ఆయన ఏర్పాటు చేసెను. రెండు లెక్కలును దగ్గరగా నున్నచో నమ్మవచ్చును. దూరముగా నున్నచో ఎచ్చటనో లోపము గలదని గుర్తింపవలయును. తన లెక్కలోని తప్పును తానే వెదకి, ఇంత తప్పు ఉండవచ్చునని బహిరంగముగా చెప్పుట ఆయన పద్ధతిలోని గొప్పతనము.

ఇంతలో 1943వ సంవత్సరమున బెంగాలునకు ఘోరమైన కరవు వచ్చెను. అన్నము కొరకు పల్లెల నుండి కలకత్తా వీధులకు వచ్చిన ప్రజలు అచ్చటనే కూలిపోయిరి. 30 లక్షల వరకు మరణించి యుందురని పలువురు చరిత్రకారుల అంచనా. యుద్ధకాలపు ప్రభుత్వమునకు ఏ పల్లెలో ఎవరు ఏ స్థితిలో నున్నారో సరిగా తెలియలేదు. 1944, 1945 సంవత్సరములలో మహలనోబిస్ తన సహచరులతో కూడి కరవు పీడిత గ్రామములలో మచ్చు పరిశీలన జరిపించెను. కరవు అందరిని ఒకే విధముగా కొట్టలేదనియు, భూమిలేని కూలీలు, బెస్తలు వంటి పేదలు మిక్కిలి చితికిపోయిరనియు, ఎందరో చిన్న రైతులు ప్రాణములు దక్కించుకొనుటకు భూములమ్ముకొనిరనియు ఆ పరిశీలన వెల్లడించెను. తరువాతి కాలమున అర్థశాస్త్రజ్ఞుడు అమర్త్య సేన్ కరవులను గూర్చి 1981లో ప్రకటించిన గ్రంథమునకు ఈ లెక్కలు ఒక ముఖ్యాధార మయ్యెను. చనిపోయినవారిని ఏ లెక్కయు బ్రతికింపలేదు. కాని లెక్క లేకున్నచో ఎవరు ఎందుకు చనిపోయిరో కూడ తెలియక, మరల అదే ఆపద రావచ్చును.

ఈ సంస్థ కీర్తికి ఒక తెలుగు యువకుడును కారకుడయ్యెను. ఆయనయే కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితములో ఎం.ఏ. పట్టము పొంది, ఉద్యోగము వెదకికొనుచు కలకత్తా వెళ్ళిన ఆయన, 1941 జనవరిలో శిక్షణకై ఈ సంస్థలో చేరెను. మహలనోబిస్ ఆ యువకుని ప్రజ్ఞను గుర్తించి, 1946లో మహలనోబిస్ దూరము ననుసరించి ప్రాచీన అస్థిపంజరముల కొలతలను విశ్లేషించుటకై కేంబ్రిడ్జికి పంపెను. సి. ఆర్. రావు 102 ఏండ్లు జీవించి 2023లో మరణించునప్పటికి ప్రపంచములోని గణాంక శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడుగా నుండెను. హైదరాబాదులో ఆయన పేర ఒక పరిశోధన సంస్థయు వెలసినది.

స్వాతంత్ర్యానంతరము ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ మహలనోబిస్ సేవలను దేశమునకు వినియోగించుకొనెను. 1949లో ఆయన కేంద్ర మంత్రివర్గమునకు గౌరవ గణాంక సలహాదారుగా నియమితుడయ్యెను. అదే సంవత్సరము ఏర్పడిన జాతీయాదాయ సంఘమునకు ఆయనయే అధ్యక్షుడు. డి. ఆర్. గాడ్గిల్, వి. కె. ఆర్. వి. రావు అందు సభ్యులు. దేశప్రజల మొత్తము ఆదాయమును లెక్కకట్టుట వారి పని. ఆ పనికి కూర్చుండగా, ప్రజల జీవితమును గూర్చిన వివరములు ఎంత కొరతగా నున్నవో స్పష్టమయ్యెను. అంతట 1950లో జాతీయ మచ్చు పరిశీలన, నేషనల్ శాంపుల్ సర్వే అను పేరుతో, ఆరంభమయ్యెను. దేశములోని అయిదు లక్షలకు పైబడిన గ్రామములలో సుమారు 1,800 గ్రామములను మొదటి విడతకు ఎన్నుకొనిరి.

ఆ పరిశీలకుల పని తేలికైనది కాదు. దారులు లేని అడవులకును, కొండలకును వారు పోవలయును. ప్రతి ప్రాంతపు భాషలోను మాటలాడవలయును. కొలతలు ఒక్కొక్క సీమకు ఒక్కొక్క విధముగా నుండెను. మన తెలుగునాట పుట్టి, కుంచము, మానిక అనునట్లే, ప్రతి ప్రాంతమునను వేరువేరు కొలతలు గలవు. ఒకే పేరు గల కొలత ప్రక్క తాలూకాలోనే వేరుగా నుండవచ్చును. అట్టి వాటినన్నిటిని ఒకే ప్రమాణమునకు మార్చి చూడవలయును. పన్ను వేయుటకు వచ్చిరేమో యని జంకు గ్రామస్థులకు ధైర్యము చెప్పి, వారు నెలకు ఎంత బియ్యము, ఎంత ఉప్పు, ఎంత గుడ్డ కొనిరో అడిగి తెలిసికొనవలయును. మారుమూల పల్లెలోని పేదరాలు చెప్పిన ఈ చిన్న సంగతులే ఢిల్లీలో ప్రణాళికలు వ్రాయువారికి పునాదు లయ్యెను.

పల్లెల నుండి వచ్చి పడిన కాగితములు గుట్టలయ్యెను. వాటిలోని అంకెలను కూడి, వర్గములుగా విభజించుటకు మనుష్యుల చేతులు చాలవు. చేతితో త్రిప్పు లెక్కల యంత్రములును, చిల్లుల కార్డులను వేరుపరచి లెక్కించు యంత్రములును సంస్థలో ఉండెను. అవియు చాలవని మహలనోబిస్ ముందుగానే గ్రహించెను. సకాలమున అందని లెక్క, పంట ఎండిన పిదప వచ్చిన వాన వంటిదని ఆయన ఎరుగును. కావున విదేశములలో అప్పుడప్పుడే వెలయుచున్న ఎలక్ట్రానిక్ గణన యంత్రముల మీద ఆయన దృష్టి నిలిచెను. 1953లో సంస్థకు చెందిన సమరేంద్ర కుమార్ మిత్రా ఆధ్వర్యమున ఒక చిన్న అనలాగ్ కంప్యూటరును అచ్చటనే నిర్మించిరి. ఒకేసారి పది సమీకరణములను సాధించుటకు అది ఉద్దేశింపబడెను.

తరువాత ఇంగ్లండులోని బ్రిటిష్ టాబ్యులేటింగ్ మెషిన్ కంపెనీ నుండి హెచ్.ఇ.సి.-2ఎం అను డిజిటల్ కంప్యూటరును సంస్థ కొనెను. దాని వెల సుమారు రెండు లక్షల రూపాయలు. 1955 చివర అది కలకత్తా చేరెను. ఇంగ్లండులో శిక్షణ పొంది వచ్చిన సంస్థ ఇంజనీర్లే దానిని అమర్చి, 1956లో నడిపించిరి. భారతదేశమున పనిచేసిన మొట్టమొదటి డిజిటల్ కంప్యూటరు అదియే. గదిని ఆక్రమించు ఆ యంత్రములో రేడియోలలో నుండునట్టి వాల్వులు అమర్చబడి యుండెను. అవి వేడెక్కకుండ గదిని చల్లబరచుచుండవలయును. లెక్కను యంత్రమునకు అర్థమగు సంకేతములలోనికి మార్చి, కార్డులకు చిల్లులు పెట్టి అందింపవలయును. నేడు బాలుర చేతిలోని ఫోను దానికంటె కోట్ల రెట్లు శక్తి గలది. అయినను, ఆ కాలమున దేశములోని ఇతర పరిశోధకులును తమ లెక్కలను మూట గట్టుకొని కలకత్తాకు వచ్చుచుండిరి. 1959లో సోవియట్ దేశము నుండి వచ్చిన ఉరాల్ అను పెద్ద కంప్యూటరు పనిచేయ నారంభించెను. 1966లో ఈ సంస్థయు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమును కలసి, ట్రాన్సిస్టర్లతో నిర్మించిన స్వదేశీ కంప్యూటరును ప్రారంభించిరి. కొని తెచ్చుకొనుటతో తృప్తి పడక, చేయ నేర్చుకొనవలెనను కోరిక అట్లు నెరవేరెను.

1956లో మొదలైన రెండవ పంచవర్ష ప్రణాళికకు ముసాయిదాను సిద్ధము చేసిన ఘనతయు మహలనోబిస్‌కు దక్కెను. ఆ ప్రణాళికలోని ముఖ్యభావము రైతు బిడ్డలకు సులభముగా బోధపడును. పండిన గింజలన్నిటిని ఆ యేటనే తిన్న రైతు మరుసటి యేడు విత్తలేడు. కొంత కడుపు కట్టుకొనియైనను విత్తనము దాచవలయును. అట్లే దేశము తన సంపదలో కొంత భాగమును ఉక్కు, విద్యుత్తు, యంత్రములను తయారుచేయు యంత్రములు, వీటిపై వెచ్చించినచో, కొంతకాలమునకు సమస్త వస్తువులును ఇచ్చటనే తయారగునని ఆయన గణితముతో నిరూపింప యత్నించెను. ఆలోపల ప్రజలకు కావలసిన నిత్యావసర వస్తువులను కుటీర పరిశ్రమలు అందించి, పనియు కల్పించునని ఆయన ఆశించెను. భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారములు ఆ ప్రణాళికా కాలమున నిర్మింపబడెను.

అయితే పెద్దలందరును ఈ మార్గమును మెచ్చలేదు. అర్థశాస్త్రజ్ఞుడు బి. ఆర్. షెనాయ్ 1955లోనే తన భిన్నాభిప్రాయమును వ్రాతమూలముగా తెలిపెను. చేతిలో లేని ధనముతో ఇంత పెద్ద పనికి పూనుకొన్నచో ధరలు పెరుగునని ఆయన హెచ్చరించెను. బొంబాయికి చెందిన మరికొందరు పండితులు తిండిగింజలకును, బట్టకును మొదటి స్థానమీయవలెనని వాదించిరి. 1957 నాటికి విదేశీ మారక ద్రవ్యము కొరతపడి ప్రణాళికను తగ్గింపవలసి వచ్చెను. 1960 తరువాత వానలు లేని సంవత్సరములలో అమెరికా గోధుమలపై ఆధారపడవలసి వచ్చినప్పుడు, వ్యవసాయమునకు తగినంత ప్రాముఖ్య మీయలేదను విమర్శ బలపడెను. ఈ వాదము నేటికిని పండితులలో ముగియలేదు. కాని ఒక్క విశేషము గమనింపదగినది. మహలనోబిస్ మార్గమును విమర్శించువారు సైతము ప్రజల తిండిని, ఖర్చును, బీదరికమును గూర్చి వాదించునప్పుడు, ఆయన నెలకొల్పిన పరిశీలనలోని అంకెలనే చేతబట్టిరి. తన అభిప్రాయమునకు ప్రతికూలముగా కూడ ఉపయోగింపదగిన లెక్కను సమకూర్చి పెట్టినవాడే నిజమైన శాస్త్రజ్ఞుడు.

ప్రశాంతచంద్రుడు అంకెలలో మునిగిన మనిషియే యైనను, కవిత్వమన్నను, కళలన్నను ప్రీతి గలవాడు. రవీంద్రనాథ టాగూరునకు ఆయన సన్నిహితుడు. విశ్వభారతికి ఆరంభము నుండి పదేండ్లు కార్యదర్శిగా పనిచేసెను. సహధర్మచారిణి నిర్మలకుమారి ఆయన కార్యములన్నిటిలో తోడు నీడగా నుండెను. కలకత్తా శివారునందలి బరానగరములో వారి గృహము ఆమ్రపాలి. సంస్థయు ఆ పరిసరములకే తరలి వచ్చి పెరిగెను. ఆ యింటికి ప్రపంచపు నలుమూలల నుండి శాస్త్రజ్ఞులు వచ్చుచుండిరి. ఆయన అవసానకాలము వరకు సంస్థను గౌరవోద్యోగిగానే నడపెను. 1945లో లండనులోని రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. 1959లో పార్లమెంటు చట్టము చేసి, భారత గణాంక సంస్థను జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా గుర్తించెను. 1968లో ఆయన పద్మవిభూషణ బిరుదము పొందెను. 1972 జూన్ 28వ తేదీన, 79వ జన్మదినమునకు ఒక్క దినము ముందు, ఆయన పరమపదించెను.

2007 నుండి భారత ప్రభుత్వము ఆయన జన్మదినమైన జూన్ 29ని గణాంక దినోత్సవముగా జరుపుచున్నది. ఆయన ప్రారంభించిన జాతీయ పరిశీలన నేటికిని సాగుచున్నది. నాడు కాగితపు పట్టికలు మోసికొని కాలినడకన పోయినవారి స్థానమున, నేటి పరిశీలకులు టాబ్లెట్ యంత్రములు చేతబట్టి పల్లెలకును, పట్టణములకును పోవుచున్నారు. అచ్చట నమోదు చేసిన వివరము క్షణములలో దూరమునందలి కంప్యూటరును చేరుచున్నది.

సాధనములు మారెను. పని మాత్రము మారలేదు. ఎంత గొప్ప యంత్రమైనను తనకిచ్చిన అంకెనే కూడును. తనకు తానుగా సత్యమును పుట్టింపలేదు. పరిశీలకుడు గడప దాటి లోనికి పోక ఇంటి ఖర్చును ఊహించి వ్రాసినచో, ఆ అబద్ధమును యంత్రము మరింత వేగముగా దేశమంతట వ్యాపింపజేయును. గ్రామమునకు పోయి, నిజమడిగి, నిజము వ్రాసి, మరియొకనిచేత సరిచూపించు ఓర్పు ఉన్నప్పుడే కంప్యూటరు దేశసేవకు పనికివచ్చును. చేతిలో ఒక్క గది, 250 రూపాయలు మాత్రమే ఉన్నప్పుడును, దేశమునకు ప్రణాళిక వ్రాయు పదవిలో ఉన్నప్పుడును ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఈ ధర్మమును విడువక పాటించెను. పేదవాని గిన్నెలోని బియ్యమును కూడ దేశపు లెక్కలో చేర్చిన ఆ మహనీయుని భారతజాతి మరువరాదు.